పంతొమ్మిదో స్థానం

బిషాన్, సింగపూరు
గురువారం

ప్రియమైన కీర్తికక్కకు తమ్ముడు వివేక్ నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ అమ్మ, నేను, నువ్వు వదిలి వెళ్లిన గిటారు క్షేమం. పెర్త్‌లో నువ్వూ బావగారూ కుశలమని తలుస్తాను. ఫోనులో చెబితే సగంలో అడ్డం వస్తావు కనుక, రేపు విమానం ఎక్కుతున్న బాబ్జీ అంకుల్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. మళ్లీ పాటల్లోకి దిగడానికని సోమవారం ఉదయం నువ్వు ఆసుపత్రి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేలోగా చదవవలసిందిగా ప్రార్థన.

నీ ప్రశ్నలకు జవాబులు. అమ్మ మోకాలు నయం. మెట్లను మాత్రం ఇంకా శత్రువర్గంగానే పరిగణిస్తోంది. సైన్స్ పార్క్‌లో నా ఉద్యోగం యథాతథం. ఇతరులు నింపిన ఫారాల్లో తప్పులు పట్టుకుంటున్నాను. ఇక సంగీతోత్సవం వారికి మన దరఖాస్తు ఎందుకు పంపలేదన్నది. అందులో ‘పాటల జాబితాలో సాధించిన అత్యుత్తమ స్థానం’ అనే గడి ఉంది. "నాలుగు అని వెయ్యరా, అంత ఆలోచనేంటి?" అని వ్రాశావు. పదకొండు రోజులుగా ఆ గడి ఖాళీగా ఉంది.

నిన్న అమ్మ అన్నం వడ్డిస్తూ గరిటె ఆపింది. "అది ఉద్యోగం వదిలేశాక చెబుతావా? నువ్వు చెబుతావా, నన్ను ఫోను చెయ్యమంటావా?"

కనుక నివేదించుకుంటున్నాను.

ఆరేళ్ల క్రితం, గుర్రం ఎక్కని మనిద్దరం కౌబాయ్ టోపీలు పెట్టుకుని, పాప్‌నూ కంట్రీ సంగీతాన్నీ కలిపి పాడిన ఆ ఒక్క పాట చిన్న రేడియో వారి జాబితాలో మూడో వారానికి నాలుగో స్థానం చేరింది. శ్రోతల మెసేజ్‌లను బట్టే స్థానం. ఆ శ్రోతలను సమకూర్చినది నేను. ఆదివారాలు లిటిల్ ఇండియాలో కూర్చుని, పనికి వచ్చిన మనవాళ్లకు ఫారాలు నింపేవాణ్ణి కదా. ఫారానికి ఒక మెసేజ్ అని నిబంధన విధించాను. షిప్‌యార్డు తిరుమలేష్ తన గదిలోని పదహారు మందినీ తీసుకొచ్చాడు.

"పాట ఇంగ్లీషుల ఉంది, మాకు సమజ్ గాలే సార్. గని మీ అక్క పాడిందంటిరి గద, అందరం మెసేజ్ కొట్టినం."

నువ్వు ఆ నాలుగో స్థానానికి ఫ్రేము కట్టించావు. గోడకు మేకు కొట్టింది నేనే.

నాలుగో వారం నాకు డెంగీ వచ్చింది. లిటిల్ ఇండియాకు వెళ్లలేదు. పాట పంతొమ్మిదికి జారింది; ఆ పై వారం జాబితాలోనే లేదు. నువ్వు రెండు రోజులు అన్నం తినలేదు. నేను జ్వరం నెపంతో గోడవైపు తిరిగి పడుకున్నాను.

మొన్న ఆదివారం తిరుమలేష్‌ను అడిగాను: ఆ నాలుగో వారం కూడా మీవాళ్లే పంపారా?

"ఎందుకు కొడతం సార్? ఆ వారం మీరు ఫారాలే నింపలేదాయె!" అని నొచ్చుకున్నాడు.

అంటే ఆ వారం, ఎవరూ అడగకుండా, ఎవరో మన పాట కోరుకున్నారు. వారెవరో నాకు తెలియదు. వారి ఫారాలు నేను నింపలేదు.

దరఖాస్తు జతపరిచాను. నా సంతకం ఉంది, గడి ఖాళీగానే ఉంది. నాలుగు నేను చేసినది. పంతొమ్మిది నువ్వు పాడినది. రాజీనామా ఇవ్వడమో మానడమో నీ నిర్ణయం. ఇస్తే మాత్రం పంతొమ్మిదిని నమ్మి ఇవ్వు. నా పక్కన నిలబడడం నీకు ఇంకా సమ్మతమైతే, పాటలో నీ గొంతుకు తోడుగా నేను పాడే కింది గొంతు ఖాళీ లేకుండా చూస్తాను.

ఇట్లు,
మేకు కొట్టిన తమ్ముడు,
వివేక్