రెండో డబ్బా

సోమవారం, రైల్లో

పెద్దక్కా,

ఎప్పుడూ ఫోన్లో "బాగున్నాం" అని పెట్టేసేదాన్ని ఇవాళ కాగితం పట్టుకుని కూర్చున్నానంటే నీకు అనుమానం వచ్చే ఉంటుంది. నిజమే, చెప్పాల్సింది ఒకటుంది. నోటితో చెబితే నేను ఏడ్చేస్తాను, నువ్వు మధ్యలో అడ్డు తగులుతావు. అందుకని రాస్తున్నాను.

ముందు మంచి కబురు. కంపెనీవాళ్లు నన్ను ఆరు వారాలు విదేశం పంపుతున్నారు. అక్కడ కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీలో చొక్కాలు కుట్టే ఆడవాళ్లకు పని నేర్పాలి. మీ మరిదిది అగ్నిమాపక కేంద్రంలో ఉద్యోగం, ఎప్పుడు గంట మోగుతుందో ఎప్పుడు పరిగెత్తుతాడో తెలీదు. అందుకే పిల్లని, మన పిచ్చుకను, నాతోనే తీసుకెళ్తున్నాను. తొమ్మిదేళ్లొచ్చినా మాట రాని పిల్లను, ఒక్కటంటే ఒక్కటే తినే పిల్లను.

ఆ ఒక్కటీ ఏమిటో నీకు తెలుసు. మేము ఎర్రడబ్బా కొట్టు అని పిలుచుకునే ఫాస్ట్‌ఫుడ్ కొట్లో దొరికే బంగాళాదుంప ఫ్రైస్. పొద్దునా అవే, సాయంత్రమూ అవే, పైన గ్లాసుడు పాలు. నీ కూతురి పెళ్లిలో అందరి ముందూ నువ్వన్న మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది. "వండే ఓపిక లేక పిల్లకి కొట్టు తిండి మప్పావు. మూడ్రోజులు పస్తు పెట్టి చూడవే పొట్టీ, నాలుగోరోజు అదే దారికొస్తుంది." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అక్కా, నేను పెట్టి చూశాను. ఇంటికి రాగానే డబ్బా కొనడం మానేశాను. పూటకో రకం వండి ముందు పెట్టాను. మొదటిరోజు కంచం తోసేసింది. రెండోరోజు తొయ్యను కూడా లేదు, పాలు కూడా మానేసింది. మూడోరోజు సాయంత్రం గోడకానుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించడానికి నరం దొరక్క ఆ చిన్న చేతిని నాలుగుచోట్ల పొడిచారు. అది ఏడవలేదు, నా వంక చూసింది, అంతే. ఆకలి తెలీక కాదు, మొండితనమూ కాదు, అది నిజంగానే తినలేకపోతోందని నాకు అప్పుడు అర్థమైంది. ఇది నీకు చెప్పకుండా మూడేళ్లు దాచాను. సెలవు దొరక్క మీ ఇంటికి రావడం లేదన్నదంతా అబద్ధం.

ఇంకో సంగతి కూడా చెబుతాను, నవ్వకు. ఈ మూడేళ్లూ పనిమీద ఏ ఊరు వెళ్లినా దాన్ని వెంటేసుకునే తిరిగాను. బస్టాండు ఎదురుగా, హైవే పక్కన, స్టేషన్ మేడమీద, ఎక్కడ ఆ ఎర్రబోర్డు కనిపిస్తే అక్కడ ఆగిపోవడమే. కొత్త ఊళ్లో అది రెండు చెవులూ మూసుకుని నడుస్తుంది. ఆ కొట్టు తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టగానే చేతులు దించేస్తుంది. డబ్బా తెరిచి, ముక్కల్ని పొడుగు వరసన పేర్చి, పెద్దదానితో మొదలుపెడుతుంది. ఊరు మారింది, యాస మారింది, నీళ్లు మారాయి, ఆ ముక్క మాత్రం మారలేదు. వందమంది కుట్టినా కాలరు ఒక్క చేత్తో కుట్టినట్టుండాలని నేను మిషన్ల దగ్గర తల బద్దలు కొట్టుకుంటాను కదా, ఇలా మారకుండా ఉంచడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఒకసారి కౌంటరు మీంచి తొంగి చూశాను. ఓ అమ్మాయి నూనెలోంచి తీగబుట్ట ఎత్తి, దులిపి, ఉప్పు చల్లుతోంది. ఎవరి కడుపు నింపుతోందో ఆ అమ్మాయికి తెలీదు. నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

వెళ్లేచోట కూడా ఆ కొట్టు ఉందన్నారు. కానీ వాళ్ల రుచికి తగ్గట్టు మార్చేసి ఉంటే? ఉప్పు కాస్త తేడా వచ్చినా అది ముట్టదు, ఆరు వారాలు ఎలా గడవాలి? దాన్ని మించిన భయం ఇంకొకటుంది. నేనుండగా సరే, నా తర్వాత దీనికి ఎవరు పెడతారక్కా?

నీ పొట్టిది

*

గురువారం

ఒసే పొట్టీ,

నీ ఉత్తరం వంటింట్లోనే చదివి, స్టవ్ ఆర్పేసి కూర్చుండిపోయాను. ఆ పూట మా హాస్టల్లో రెండువందల మంది నర్సులకు భోజనం గంట ఆలస్యమైంది. ఇరవయ్యేళ్ల నా వంటపనిలో అలా ఎప్పుడూ కాలేదు.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు వెంటనే సరేనంటావు, నేను హాయిగా నిద్రపోతాను. కొన్నాళ్లు నిద్రపట్టకుండానే ఉండనీ.

నిన్న మీ ఎర్రడబ్బా కొట్టుకు వెళ్లాను. నేను అక్కడ వరసలో నిలబడ్డానని తెలిసి మీ బావ పడీపడీ నవ్వాడు. ఉప్పు కాస్త ఎక్కువ, వేపుడు మాత్రం బాగుంది, ఒప్పుకోక తప్పదు. ఇవాళ పొరుగూరు పోయి అక్కడా తిన్నాను. అదే ఉప్పు, అదే కరకర. అప్పుడు తెలిసొచ్చిందే. నా కూర ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు. అది నా చేతి మహిమ అని ఇన్నాళ్లూ మురిసిపోయాను. పాపం ఆ పిల్లకి నేను పెట్టిన ప్రతి కంచమూ తెలియని ఊళ్లో ఒంటరిగా దింపేసినట్టు ఉండేదేమో.

నీ తర్వాత ఎవరని అడిగావు. నేనున్నానని చెబితే అబద్ధం, నీకంటే పెద్దదాన్ని. క్షేమంగా వెళ్లు. అది తిందో లేదో వెంటనే రాయి.

మీ అక్క

*

ఆదివారం, ఇక్కడికొచ్చి వారం

అక్కా,

తింది! ముందు ఆ మాట రాసేశాను, ఇక నింపాదిగా చెబుతాను.

విమానం ఎక్కింది మొదలు చెవుల మీంచి చెయ్యి తియ్యలేదు. దిగాక కంపెనీ తరఫు దుబాసీ ఆవిడ మమ్మల్ని తిన్నగా ఆ కొట్టుకే తీసుకెళ్లింది. పిచ్చుక మూత తెరిచి వాసన చూసింది. ఒక ముక్క కొరికింది. ఆగింది. తర్వాత ముక్కలన్నీ బయటికి తీసి పొడుగు వరసన పేర్చడం మొదలుపెట్టింది. ఇన్ని సముద్రాలు దాటివచ్చినా అదే ముక్క, అక్కా! దుబాసీ ఆవిడ నన్ను చూసి, "ఎందుకండీ ఏడుస్తున్నారు, మీకు నచ్చలేదా?" అని కంగారుపడింది.

వారమంతా ఆవిడే తెచ్చిపెట్టింది. ఇవాళ ఆవిడకు సెలవు, మేమిద్దరమే వెళ్లాం. అక్కడ కౌంటరు దగ్గర అడిగే పద్ధతి లేదు. మనిషెత్తు తెరలున్నాయి, వాటిమీద నొక్కి చెప్పుకోవాలి. మన దగ్గరా ఈమధ్య ఇలాంటివి పెట్టారు కానీ వాటిని చదవగలం. ఇక్కడి అక్షరాలు నాకు చీమలు పాకినట్టున్నాయి. ఏదో నొక్కాను, అది ఇంకేదో అడిగింది. మళ్లీ నొక్కాను, మొదటికొచ్చింది. వెనక వరస పెరిగింది. ఒకాయన మర్యాదగానే ఏదో చెప్పాడు, నాకు ముక్క అర్థం కాలేదు. నోరుండీ మూగదాన్నయిపోయాను. పిచ్చుక రోజూ ఇలాగే బతుకుతోంది కదా అని అప్పుడు తట్టింది నాకు.

ఇంతలో పక్కనుంచి చిన్న చెయ్యొకటి వచ్చి నా చేతిని పక్కకు నెట్టింది.

అది చదవలేదక్కా, చదవాల్సిన అవసరమే లేదు దానికి. మా ఊరి కొట్లో నేను నొక్కుతుంటే వెనక నిలబడి ఎటో చూస్తోందనుకునేదాన్ని, మొత్తం చూసి పెట్టుకుంది. పైన ఎడమ పక్కన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి, తడుముకోకుండా నొక్కింది. తెర మీద ఎర్రడబ్బా బొమ్మ వచ్చింది. నేను నోరెళ్లబెట్టి చూస్తూనే ఉన్నాను. డబ్బు కట్టేందుకు కార్డు తాకిద్దామని చెయ్యి చాపితే ఆపి, బొమ్మ మీద మళ్లీ నొక్కింది. రెండు డబ్బాలు. పొరపాటున నొక్కిందేమోనని ఒకటి తీసెయ్యబోయాను. నా మణికట్టు పట్టుకుంది. ఎవరైనా తాకితే చాలు ముడుచుకుపోయే పిల్ల, తనంతట తానే గట్టిగా పట్టుకుంది.

బల్ల దగ్గర ఒక డబ్బా తన ముందు పెట్టుకుని రెండోది నా ముందుకు జరిపింది. దాని మూత తనే తెరిచింది. నా ముక్కల్ని పొడుగు వరసన పేర్చి, తనది ముట్టుకోకుండా కూర్చుంది. ఎందుకు తినడం లేదో నాకు చాలాసేపు అర్థం కాలేదు. నా కోసం ఆగిందక్కా, నేను మొదలుపెట్టాలని.

నా తర్వాత ఎలా బతుకుతుందన్న భయం పోయిందని చెప్పను. కానీ దీనికి ఎవరు పెడతారని నేను ఏడుస్తూ కూర్చుంటే, ఊరు తెలీని, భాష తెలీని చోట నా కూతురు నాకు అన్నం పెట్టింది. నేను తిన్నాను. ఒక్క ముక్క కూడా మిగల్చలేదు.

పొట్టి