పొట్లంలో వచ్చిన మంద

ఉదయగిరి,
ఆగస్టు 6.

ఆత్మకూరు నేలమేలు కేంద్రం ఆఫీసరమ్మ కృపారాణి గారికి గొర్రెల వెంగయ్య నమస్కరించి రాసేది.

మీ పొట్లం చేరింది. ఫోన్లో చెబితే గాలికి పోతుందని కాయితం మీద పెడుతున్నాను. గుంటక దిగని నా రెండెకరాల మిట్టను బాగుచేసే సూక్ష్మజీవులు ఇందులో కోట్లలో ఉన్నాయని పైన రాశారు. విప్పితే నల్లటి పొడి. అరగంట చూశాను, ఒక్కటీ కదల్లేదు. వింజమూరు సంతలో గొర్రెను పళ్లు చూసి కొనేవాణ్ణి నేను. ఇవి దారిలోనే చచ్చాయని నా అనుమానం.

డిసెంబరుకు ఆ నేలలో ఉలవ పచ్చగా కనిపించకపోతే నా బామ్మర్ది పెంచలప్రసాద్ జామాయిల్ నాటేస్తాడు. మా ఆడది ఆదిశేషమ్మ తమ్ముడికి మాటిచ్చేసింది. అది మా నాయన రాళ్లేరి చేసిన నేల తల్లీ. పోతే నాకు ముద్ద దిగదు.

ఇట్లు, వెంగయ్య.

తా.క. పొట్లం చూసి ఆదిశేషమ్మ, "ఇన్ని కోట్లు ఇంట్లోకి వచ్చినాయి. ఒకటన్నా పని చేస్తాదా, నీ మాదిరి కూర్చుంటాదా?" అంది.

ఆత్మకూరు,
ఆగస్టు 12.

వెంగయ్య గారికి నమస్కారం.

కంటికి కనిపించవు కాబట్టే అవి సూక్ష్మజీవులు. పళ్లుండవు. పొడిని డ్రమ్ము నీళ్లలో బెల్లం, శనగపిండితో కలిపి వారం ఊరబెట్టండి. రోజూ కర్రతో తిప్పండి. వాటికి ప్రాణముంది కనుక నీడ, గాలి ఉండాలి. మూత బిగించకండి. తర్వాత వాన పడి నేల పదునుగా ఉన్నప్పుడు పొలమంతా చల్లండి.

కృపారాణి.

తా.క. గొర్రెలకు తాపినట్టు వాటికి నట్టల మందు తాపకండి. మీరు తాపగలరు.

ఉదయగిరి,
ఆగస్టు 24.

అమ్మా, దండాలు.

చెప్పినట్టే చేశాను. ప్రాణమున్నవాటికి మా ఇంట్లో చోటు గొర్రెల దొడ్డే. డ్రమ్ము అక్కడే పెట్టి, దిష్టి తగలకుండా నల్లతాడు కట్టాను. సరుకు పొలానికి చేరుతోంది, చుక్క వృథా కాలేదు. ఎలాగని మాత్రం అడగొద్దు.

వెంగయ్య.

తా.క. నడిచే వెళ్తోంది.

ఆత్మకూరు,
డిసెంబరు 5.

వెంగయ్య గారూ,

నిన్న మీ చేను చూసి నా కళ్లను నేనే నమ్మలేదు. ఉలవ నేల కనిపించకుండా అల్లుకుంది. మట్టి చేతిలో పొడిపొడిగా రాలింది. పరీక్షకు కొంచెం తెచ్చుకున్నాను. పదిహేనో తేదీన కొండాపురం నుంచి నలభై మంది రైతుల్ని తీసుకొస్తున్నాను. డ్రమ్ములో మందు ఎలా చల్లారో మీరే చూపించాలి.

సంతోషంతో, కృపారాణి.

తా.క. "నడిచే వెళ్తోంది" అన్న మాట కరపత్రంలో వేయించాను.

ఉదయగిరి,
డిసెంబరు 9.

అమ్మా,

నలభై మంది ముందు అబద్ధమాడే నోరు నాకు లేదు. ఏడో నాడు తెల్లారి చూస్తే డ్రమ్ము ఖాళీ. బెల్లం వాసనకు మా గొర్రెలు నాలికతో అడుగు కూడా తుడిచేశాయి. నేల పోయిందని తల పట్టుకుని ఏడ్చాను. ఆదిశేషమ్మే, "లోపలికి పోయింది బయటికి రాక యాడికి పోతాది? మందను మన చేలోనే కట్టు" అంది. నెలరోజులు అక్కడే కట్టి, ఆ తర్వాత ఉలవ చల్లాను. బియ్యం తీసుకుని, పెంట ఎరువు కోసం ఊరందరి చేలల్లో రాత్రిళ్లు మంద కట్టినవాణ్ణి, నా చేలో ఏనాడూ కట్టలేదు. సిగ్గేసింది.

ఉలవ చూసి పెంచలప్రసాద్ జామాయిల్ మొక్కలతో వెనక్కి పోయాడు. నేల నిలిచింది గానీ మీ దగ్గర మాట నిలవలేదు. కరపత్రంలో నా పేరు కొట్టేయండి.

తప్పు చేసిన వెంగయ్య.

తా.క. గొర్రెలు రోజూ డ్రమ్ము దగ్గరికి పోయి అరుస్తున్నాయి. ఇంకో పొట్లం ఉందా?

ఆత్మకూరు,
డిసెంబరు 12.

వెంగయ్య గారికి,

మీరు నిజం చెప్పాక నేను దాచడం న్యాయం కాదు. మీ ఉత్తరం చదివి, మీ పొట్లం తీసిన పెట్టెలోనే మిగిలిన పొట్లాల్ని పరీక్ష చేయించాను. ఎండాకాలమంతా మా రేకుల గోదాములో ఉడికిపోయాయి. ఒక్కదానికీ ప్రాణం లేదు. మీరు మొదటి ఉత్తరంలోనే కనిపెట్టారు, నేనే వేళాకోళం చేశాను. మీ గొర్రెలు తాగింది ఉత్త బెల్లం నీళ్లు. మీ మట్టిలో మాత్రం మేం పొట్లంలో ఉన్నాయనుకున్న జీవులు బోలెడు దొరికాయి. నేలను బతికించింది మీ గొర్రెల మందే. పదిహేనున అందరికీ ఉన్నదున్నట్టు చెప్పండి, మీ పక్కన నిలబడి నా తప్పు నేనూ చెబుతాను.

మీ కృపారాణి.

తా.క. మా ఆఫీసు వెనక ప్రదర్శన క్షేత్రంలో పదేళ్లుగా గడ్డి కూడా మొలవడం లేదు. మంద కట్టడానికి ఎన్ని బియ్యమో ఆదిశేషమ్మ గారిని అడిగి రాయండి. బండి మాత్రం పంపలేను. మీ సరుకు నడిచే వస్తుంది కదా!