డాక్టరుకు తీరిక లేని నెల

తిరువళ్ళూరు,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన అన్నకు, చెల్లెలు సరళ నమస్కరించి రాస్తున్నది.

నువ్వు, వదినె, పిల్లలు అందరూ బాగున్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బస్సెక్కి దిగేటప్పుడు జాగ్రత్త. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం అలవాటు గానీ, ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ప్రాణాలతో ఉన్నాం, వేళకు అన్నం తింటున్నాం. అంతవరకు తిరుత్తణి స్వామి దయ.

ఫోను చేసినప్పుడల్లా "ఏమ్మే, గొంతు అదోమాదిరిగా ఉండాది?" అని నువ్వు అడుగుతున్నావు. జలుబు అని చెప్పి తప్పించుకుంటున్నాను. మాకున్నది ఒకే గది, దాని వెనక వంటిల్లు. అత్త మంచం పక్కన నిలబడి అత్త సంగతే ఎలా చెప్పేది? మీ బావ ఈ వారం రెండో షిఫ్టు. అత్త మాత్ర వేసుకుని నిద్రపోతోంది. అందుకని కూర్చుని రాస్తున్నాను. చదివి కంగారు పడవద్దు. గండం గడిచిందనే చెబుతున్నారు.

మిగతా సంగతులు మామూలే. ఎండ కాస్త తగ్గింది, ఉక్క తగ్గలేదు. నీళ్ళు ఉప్పగా ఉంటాయి, కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదు. నేను బడి పిల్లల యూనిఫారాలు కుట్టే చోటే ఉన్నాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాది కాలర్ల పని. చొక్కా పూర్తయ్యాక ఎలా ఉంటుందో చూసే తీరిక కూడా ఉండదు. పక్కవాళ్ళందరితోనూ తమిళమే. ఆ భాష మనకు కొత్తా ఏమన్నానా? అయినా రోజంతా తెలుగు మాట చెవిన పడకపోతే, ఇంటికి పోయి అత్తతో పోట్లాట పెట్టుకుంటే బాగుండుననిపిస్తుంది. ఇప్పుడు అత్త పోట్లాడటం కూడా మానేసింది అన్నా.

మేము మగ్గాలు అమ్మేసి ఆర్.కె.పేట నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో అత్త షుగరు ఎక్కువై కళ్ళు తిరిగి పడిపోయింది కదా, నీకు తెలుసు. అప్పుడు ఇంటి యజమానురాలు ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన అప్పట్లో వీధి చివర చిన్న గదిలో చూసేవాడు. బెంచీ మీద కూర్చుంటే వరుసగా పిలిచేవాడు. "ఏం పాట్టీ, మళ్ళీ లడ్డు తిన్నావా?" అని సొంత అవ్వను అడిగినట్టు తమిళంలో అడిగి నవ్వేవాడు. అత్త కూడా నవ్వేది. మందులు బాగా కుదిరాయి. "ఇకనించి మీ ఫ్యామిలీ డాక్టర్ని నేనే. ఇంకెవరి దగ్గరికో పోయి మందులు మార్చుకోవద్దు" అని ఆయనే చెప్పాడు. మేము ఆ మాటే పట్టుకుని ఉన్నాం.

ఇప్పుడాయన పెద్ద రోడ్డుకు మారిపోయాడు. అద్దాల తలుపు, ఏసీ, ముందొక బల్ల, బల్ల వెనక ఒక అమ్మాయి. అపాయింట్‌మెంటు లేకుండా ఎవరూ లోపలికి పోకూడదు.

ఒక రోజు అత్త మరుగుదొడ్డి గడప తట్టుకుని కుడికాలి బొటనవేలు చిట్లింది. నేను పని నుంచి వచ్చి చూస్తే దుప్పటి మీద నెత్తురు. "ఏమత్తా ఇది, చెప్పనే లేదే?" అంటే, "యాడమ్మే, నాకు నొప్పే తెలీలేదు. దానికెందుకు అంత ఇది" అంది. షుగరు ఉన్నవాళ్ళకు కాలికి దెబ్బ తగిలి నొప్పి తెలియకపోతే అది మంచిది కాదని ఆ డాక్టరే ఒకసారి చెప్పి ఉన్నాడు.

మరుసటి రోజు తెల్లవారగానే ఫోను చేశాను. ఎంగేజ్. మళ్ళీ చేశాను, మళ్ళీ ఎంగేజ్. పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా ఫోను వదలలేదు. చివరికి ఆ అమ్మాయి ఎత్తి, "ఈ రోజుకు ఫుల్ అక్కా, రేపు పొద్దున చెయ్యండి" అంది. మరునాడూ అంతే. అలా రోజుకొకసారి ఆ మాట వినడం, మిషను ముందు కూర్చుని కాలర్లు వంకరగా కుట్టడం, సూపర్‌వైజరు చేత తిట్లు తినడం. మందుల షాపతను ఒక ఆయింట్‌మెంటు, మాత్రలు ఇచ్చాడు. పైన ఆరినట్టే ఆరింది. కింద నల్లబడుతోందని నాకు అనుమానంగానే ఉంది.

ఫోనుతో కాదని ఒక పూట సెలవు పెట్టి నేనే పోయాను. ఆ అమ్మాయి తల ఎత్తలేదు. "అపాయింట్‌మెంటు ఉందా?" అంది. లేదన్నాను. కాలి పుండు అన్నాను, షుగరు అన్నాను, ఆయన పాత పేషెంటే అన్నాను. "అందరూ పాత పేషెంట్లే అక్కా. నా చేతుల్లో ఏముంది?" అంది. నేను అక్కడే నిలబడి ఉండగా మెడకు టై కట్టుకున్న మందుల కంపెనీ వాళ్ళు ఒకరి వెనక ఒకరు సంచులతో లోపలికి పోయారు. వాళ్ళకు మాత్రం తలుపు తెరుచుకుంటోంది.

వేరే ఆసుపత్రికి పోకూడదా అని నువ్వు అంటావు. పోయాం అన్నా. బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన ఒక క్లినిక్కుకు అత్తను ఆటోలో తీసుకుపోయాను. అక్కడొక చిన్న వయసు డాక్టరమ్మ. కట్టు విప్పి చూసి, మందుల చీటీ చూసి, "షుగరు మందు మార్చాలి, పుండు కోసి శుభ్రం చెయ్యాలేమో. మీ ఫ్యామిలీ డాక్టరు ఇంతకాలం చూస్తున్నారు కదా, ఆయన్ను అడగకుండా నేను చెయ్యను. ఆయన దగ్గరికే తొందరగా తీసుకుపోండి" అంది. తొందరగా! ఆ మాట విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెద్దాసుపత్రి అంటే అత్తకు ప్రాణభయం. మామను మద్రాసులో చేర్పించి శవంగా తెచ్చుకున్నప్పటి నుంచీ ఆ పేరెత్తితే వణికిపోతుంది. "నేను ఆ పెద్దాసుపత్రికి రానమ్మే. మన డాక్టరే చూడనీ, ఆయన చెయ్యి నాకు పడ్తాది" అని పట్టుబట్టింది.

మీ బావ నా మీదే ఎగిరినాడు. "నువ్వు సరిగ్గా అడగలేదు. గట్టిగా అడగాల."

"సరే, నువ్వు పోయి గట్టిగా అడుగు. నోరు నాకొక్కదానికే ఇచ్చినాడా దేవుడు?" అన్నాను.

పోయినాడు. ఏం బతిమాలాడో ఏమో, సోమవారం సాయంత్రానికి అపాయింట్‌మెంటు తెచ్చాడు. ఆ రెండు రోజులు పండగలా ఉంది నాకు. అత్తకు తలంటి, ఉతికిన చీర కట్టి ఆటో ఎక్కించాను. అక్కడికి పోతే తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. డాక్టరు గారు ఊళ్ళో లేరట. దగ్గరి వాళ్ళ పెళ్ళి. మా నంబరు వాళ్ళ దగ్గరే ఉంది, ఒక్క ఫోను చేయలేదు. "మళ్ళీ బుక్ చేసుకోండి అక్కా" అంది ఆ అమ్మాయి. మళ్ళీ ఎప్పుడంటే, వచ్చే వారం చూసి చెబుతానంది. ఇంటికి వచ్చి కట్టు విప్పాను. వాసన కొట్టింది. అత్త నా ముఖం చూసి తల అటు తిప్పుకుంది.

మరునాడు నేను ఎవరినీ అడగలేదు. ఫోను కూడా చేయలేదు. అత్తను ఆటోలో తీసుకుపోయి ఆ అద్దాల తలుపు లోపల, బల్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టాను. కాలు ఇంకో కుర్చీ మీద పెట్టి కట్టు విప్పేశాను. గది నిండా వాసన. కూర్చున్నవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. ఆ అమ్మాయి "అక్కా, ఏం చేస్తున్నారు?" అని లేచింది. "నువ్వే చూడు. నీ పుస్తకంలో దీనికి చోటు లేదు కదా, ఇక్కడుండనీ" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు అన్నా.

డాక్టరు బయటికి వచ్చాడు. కాలు చూశాడు. వంగి పాదం పట్టుకుని చూశాడు, నాడి చూశాడు. ఆ తరువాత నా వైపు తిరిగి తమిళంలో కసిరాడు. "ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారు? షుగరు మనిషిని ఇలా వదిలేస్తారా? మొదట్లోనే తెచ్చి ఉంటే రెండు కట్లతో పోయేది. చదువుకున్నవాళ్ళేనా మీరు?"

అందరి ముందూ అన్నాడు.

"దెబ్బ తగిలిన మరునాటి నుంచే అడుగుతున్నాం సార్. మీ తలుపు దాకా వచ్చినాం. మీ దాకా రావడానికే నెల పట్టింది" అన్నాను.

ఆయన ఆ అమ్మాయి వైపు చూశాడు. ఆ పిల్ల తల వంచుకుంది. ఏదో అంటాడనుకున్నాను. గబగబా ఒక చీటీ రాసి, ప్రభుత్వ ఆసుపత్రిలో సర్జనుకు తనే ఫోను చేసి, "ఇప్పుడే తీసుకుపోండి" అన్నాడు. చూడు, ఒక్క ఫోను. ఆయన చేస్తే ఎంగేజ్ రాలేదు.

అక్కడివాళ్ళు బాగానే చూశారు, ఆ మాట చెప్పాలి. బొటనవేలు, దాని పక్క వేలు తీసేశారు. పాదం దక్కింది, అదే గొప్ప అన్నారు. ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయేటప్పుడు అత్త నా కొంగు పట్టుకుని, "నేను మళ్ళీ వస్తానా మే?" అని అడిగింది. వచ్చింది. కానీ ఎన్నో ఏళ్ళు మగ్గం తొక్కిన కాలు అన్నా అది. కట్టు మార్చేటప్పుడు అత్త దాన్ని చూడదు. గోడ వైపు చూస్తూ పడుకుంటుంది. మీ బావ కూడా ఆ సమయానికి బయటికి పోతాడు.

ఆసుపత్రిలో ఉండగానే ఆ క్లినిక్కు నుంచి ఫోను వచ్చింది. "బుధవారం మీ అత్తగారికి అపాయింట్‌మెంటు కన్‌ఫర్మ్ అయింది అక్కా" అని. నేను ఫోను పెట్టేశాను.

వదినెను అడిగి మెత్తటి పాత పంచెలు ఉంటే ఉతికి పంపించు, కాలి కింద పరచడానికి కావాలి. రాగిపిండి కూడా కొంచెం. ఇక్కడ దొరికేది అత్తకు రుచించడం లేదు. పెద్దమ్మకు మాత్రం వేళ్ళ సంగతి చెప్పవద్దు, ఏడుస్తూ బస్సెక్కి వచ్చేస్తుంది. దెబ్బ తగిలింది, తగ్గుతోంది అని చెప్పు చాలు. ఆమెకు, పక్కింటి మామకు నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. వీలైతే నువ్వొకసారి వచ్చి పో. అత్తతో తెలుగులో నాలుగు మాటలు మాట్లాడితే మనసు కుదుటపడుతుంది.

ఇంకొక్కటి రాసి ముగిస్తాను. షుగరు మందు రాయించుకోవడానికి మొన్న మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికే పోవలసి వచ్చింది. ఈసారి ఆ అమ్మాయి మమ్మల్ని చూడగానే లేచి తలుపు తీసింది. బెంచీల మీద చాలామంది ఉన్నారు. ఒక ముసలాయన భార్యను భుజానికి ఆనించుకుని కూర్చున్నాడు. వాళ్ళందరి ముందు నుంచి మేము లోపలికి పోయాం. డాక్టరు ఎంతో ఓపికగా చూశాడు, అత్త చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పాడు. జరిగిన దాని గురించి ఒక్క మాట లేదు. బయటికి వస్తూ అత్త, "మంచోడేమే, పాపం. ఎంతమందినని చూస్తాడు ఒక్కడు" అంది.

నేను ఏమి చేశానో తెలుసా అన్నా? తలుపు దగ్గర వెనక్కి తిరిగి, రెండు చేతులూ జోడించి, "రొంబ నన్రి సార్" అని వాళ్ళ భాషలోనే కృతజ్ఞత చెప్పుకున్నాను. నవ్వుతూ అన్నాను. కడుపులో ఇంత మంట పెట్టుకుని అలా ఎందుకు దండం పెట్టానా అని ఇంటికి వచ్చేదాకా ఆలోచించాను. అత్తకు ఇంకొక కాలు ఉంది. ఆ తలుపు నాకు మళ్ళీ తెరుచుకోవాలి.

నీ ఆశీర్వాదం కోరే చెల్లెలు,
సరళ