రికార్డు మీద మార్చవలసిన పేరు

డెబ్బై రెండేళ్ల గాయనిని, సోల్, జాజ్, బ్లూస్ మూడూ పాడి బతికినదాన్ని, మోకాళ్లు తప్ప బుద్ధీ జ్ఞాపకమూ సవ్యంగా ఉన్న స్థితిలో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా తదనంతరం అమలు కావలసిన ఏర్పాట్లు ఇందులో రాస్తున్నాను. ఇంతకుముందు రాసిన వీలునామాలు దీనితో రద్దు.

1. నేనుంటున్న రెండు గదుల ఇల్లు, అందులోని పియానో మా అన్నయ్య కూతురికి సర్వహక్కులతో చెందాలి. పియానో మీద పూలకుండీ పెట్టిందా, చచ్చాకైనా ఊరుకోను.

2. నా మాజీ భర్త, శాక్సఫోన్ విద్వాంసుడికి, ఏమీ లేదు. నా పాట మధ్యలో దూరి వాయించడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. ఇక్కడైనా నన్ను పూర్తి చేయనివ్వాలి.

3. నా నల్ల మఖమల్ గౌను దర్జీ ఆవిడకు. నేను లావెక్కినప్పుడల్లా చప్పుడు చేయకుండా నడుము వదులు చేసేది.

4. నాకు పేరు తెచ్చిన బ్లూస్ పాట అసలు టేపు, దాని మీది హక్కులన్నీ నా చెల్లెలికి. అవి మొదటినుంచీ దానివే. రికార్డింగు రోజున నా గొంతు బొంగురుపోయింది. వాద్యాలవాళ్లకు శ్రుతి కుదరాలని, తోడొచ్చిన చెల్లెలి చేత తాత్కాలికంగా ట్రాక్ పాడించాను. గొంతు బాగయ్యాక దాని స్థానంలో నేను పాడాను కూడా. రెండు టేపుల పెట్టెల మీదా నా పేరే ఉండడంతో ఇంజనీరు పొరపాటున ట్రాకునే అచ్చుకు పంపాడు. రికార్డు వినగానే నాకు తెలిసిపోయింది. అయినా నోరు మెదపలేదు. ఈవిడలో ఎన్ని గొంతులున్నాయో అని జనం మురిసిపోయారు. ఆ మెప్పు కోసం నలభై ఏళ్లు ప్రతి వేదిక మీదా చెల్లెలి గొంతును అనుకరించాను.

ఒకసారి వంటింట్లో రేడియోలో ఆ పాట వస్తుంటే, గిన్నెలు తోముతూ అది, "అక్కా, అది నా గొంతు కదూ?" అంది. మనిద్దరిదీ ఒకటే గొంతులే అన్నాను. అది మళ్లీ అడగలేదు, మళ్లీ పాడనూ లేదు. బడిలో గుమాస్తాగా రిటైరయింది. తలుచుకుంటే సిగ్గుతో చితికిపోతున్నాను.

5. అమలుదారైన ప్లీడరు గారు రికార్డుల కంపెనీకి ఈ కాగితం నకలు పంపి, రికార్డు మీద నా పేరు తీయించి చెల్లెలి పేరు వేయించాలి.

బతికుండగానే చెప్పొచ్చు కదమ్మా అన్నారాయన నిన్న. ఆయన ఎదుటే ఫోను చేశాను. చెల్లెలు ఎత్తి, హలో, ఎవరండీ అని రెండుసార్లు అడిగింది. పెట్టేశాను.

తేదీ: 9-11-2021
(సంతకం)

సాక్షులు:
1. పియానో శ్రుతి చేసే మేస్త్రి
2. పై అంతస్తు డాక్టరమ్మ