కుడికాలు ముందు

జనవరి 11, శనివారం
మంచు వాలు మీద జారే స్నోబోర్డులు అద్దెకిచ్చే కౌంటర్‌లో అమ్మాయి అడిగింది, ఏ కాలు ముందు అని. ఇదేం ప్రశ్న? కొత్త ఇంట్లోకీ, పరీక్ష హాల్లోకీ, ఆఖరికి అమెరికా విమానంలోకీ ఏది పెట్టానో అదే. "రైట్," అన్నాను గంభీరంగా. "ఓ, గూఫీ!" అంటూ పట్టీలు అటు తిప్పి బిగించింది. ఎడమకాలు ముందుంటే రెగ్యులర్, కుడికాలు ముందుంటే గూఫీ అట. ఇరవై ఆరేళ్ళుగా మా అమ్మ కాపాడుకొచ్చిన శుభానికి ఈ దేశంలో పేరు... గూఫీ, అంటే తింగరి.
పద్నాలుగు సార్లు పడ్డాను. పదమూడు సార్లు లేచాను. చివరిసారి రూమ్మేట్ రాఘవ లేపాడు.

జనవరి 12, ఆదివారం
కూర్చోలేను. నిలబడే టీ.

జనవరి 18, శనివారం
రాఘవకి కొత్త ప్రాజెక్ట్ దక్షిణాన అల్ఫారెట్టాలో. మార్చి మొదటి వారంలో వెళ్ళిపోతాడు. "ఆడ ఇట్ల మంచు పడదురా. నేను పోయేలోపు కొండ మీదికి పోయే పై లిఫ్ట్ ఎక్కి, ఇద్దరం కలిసి కిందికి దిగాలె. ఒక్కసారి." పార్సిప్పనీలో మూడేళ్ళు ఒకే అపార్ట్‌మెంట్. కలిసి చేసినవి — గ్రాసరీలు, లాండ్రీ, వీసా భయం. ఒక్కటైనా చెప్పుకోదగ్గ పని ఉండాలి కదా. మాటిచ్చాను.

జనవరి 25, శనివారం
పిల్లల వాలు దాటలేదు. ఐదేళ్ళ పిల్ల ఒకతి నా చుట్టూ ఒక రౌండ్ కొట్టి, "ఆర్ యు ఓకే, అంకుల్?" అంది. మన పిల్లే. లేకపోతే అంకుల్ అనదు.

ఫిబ్రవరి 4, మంగళవారం
స్టాండప్ మీటింగ్‌లో అందరూ కుర్చీల్లో. నేనొక్కణ్ణే నిజంగా నిలబడి. అంకితభావం అనుకుంది మేనేజర్.

ఫిబ్రవరి 6, గురువారం
గిన్నెలు కడుగుతున్నాను. రాఘవ వెనక నుంచి తోశాడు. తూలి ఒక అడుగు ముందుకి... వాడు నా కాళ్ళకేసి చూస్తున్నాడు.
"ఎడమ! ఉండు, మల్ల తోస్త."
మళ్ళీ ఎడమే. మూడోసారీ ఎడమే.
పడబోయేటప్పుడు ఏ కాలు ముందుకొస్తుందో అదే బోర్డు మీదా ముందుండాలట. "నువ్వు గూఫీ అని ఎవడు చెప్పిండ్రా?"
"కొత్త పనికి కుడికాలే కదరా..."
వాడు వంటింటి నేల మీద కూలబడి నవ్వాడు. "బోర్డు మీద గృహప్రవేశం చేసినవా రా!"
నాలుగు వారాలు. నన్ను పడకుండా ఆపగలిగిన ఒకే ఒక్క కాలిని వెనక కట్టేసి తిరిగాను.

ఫిబ్రవరి 15, శనివారం
ఎడమకాలు ముందు. ఘోరం. నా కాళ్ళు తప్పునే శ్రద్ధగా నేర్చుకున్నాయి, ఇప్పుడు సొంత అలవాటే కొత్త.
కానీ చివర్లో ఒకసారి, చిన్న వాలు కిందిదాకా... పడలేదు. ఎవరూ చూడలేదు. రాఘవ కాఫీకి వెళ్ళాడు. చెప్తే, "నేను లేనప్పుడే దిగుతవా?" అన్నాడు.

ఫిబ్రవరి 22, శనివారం
ఎండ కాసింది, మంచు బాగుందట. నేను వెళ్ళలేదు. ఒళ్ళంతా అలసట, పైగా ఆఫీస్ పని ఉందని చెప్పాను. కొంత ఉంది. "నెక్స్ట్ వీక్ పక్కా," అన్నాను. రాఘవ అట్టపెట్టెకి ఇంకో వరస టేపు వేశాడు.

మార్చి 1, శనివారం
వాన. పై లిఫ్ట్ మూసేశారు. కింద క్యాంటీన్‌లో ఫ్రెంచ్ ఫ్రైస్ తింటూ అద్దంలోంచి లిఫ్ట్ ఖాళీ కుర్చీలు ఊగడం చూశాం.
"ఏం కాదులేరా," అన్నాడు రాఘవ.
నేను పోయిన వారం వచ్చి ఉండాల్సింది.

మార్చి 5, బుధవారం
వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర ఆగి, నాకు కనపడేలా ఎడమకాలు బయటపెట్టాడు. నవ్వాలి కాబట్టి నవ్వాను.

మార్చి 8, శనివారం
నిన్న మళ్ళీ మంచు. పై లిఫ్ట్ తెరిచారట. పొద్దున్నే రాఘవ మెసేజ్ — "ఎక్కినవా?"
ఒక్కణ్ణే ఎలారా అని పెట్టాను.
"వీడియో కాల్ చెయ్. ఎనక నుంచి తోస్త."
బూట్లు వేసుకున్నాను, ముందు ఎడమది. కారు తాళాలు చేతిలో ఉన్నాయి. ఇంకా సోఫాలోనే ఉన్నాను.