కోబాల్ట్ కలపని పొడి

మంగళవారం, నల్గొండ

జింక్ ఆక్సైడ్ నానో పొడిలో కోబాల్ట్ కలిపితే అయస్కాంత గుణం వచ్చిందని పేపర్ రాశాను. రేపు మా గైడ్ మేడమ్ దాన్ని జర్నల్‌కు పంపుతారు. ఈరోజు కోబాల్ట్ కలపని పొడిని కొలిస్తే, అదీ అదే గుణం చూపించింది. రెండింటినీ స్టీల్ చెంచాతోనే గీకి తీశాను. ఆ ఇనుమే అంటినట్టుంది.

"గా రీడింగు ఎవలడుగుతరే, పక్కకు పెట్టు," అంది ల్యాబ్‌లో నాతో పనిచేసే సునీత.

"రేపు ఎవలన్న ప్లాస్టిక్ చెంచాతోని చేసి చూస్తే?"

"గంత పనిలేనోళ్లు ఎవలుంటరు, నువ్వు తప్ప!"

నవ్వొచ్చింది. కానీ మా ఇంట్లో చదివింది నేనొక్కదాన్నే. అచ్చులో నా పేరు ఎప్పుడు చూపిస్తావని బాపు రోజూ అడుగుతున్నాడు.

పేపర్ ఆపమని మేడమ్‌కు మెసేజ్ పెట్టాను. పొడికొచ్చిన ఆకుపచ్చ రంగు మాత్రం కోబాల్ట్‌దే, అంతవరకు రాసింది నిజం. మిగతాది మళ్లీ చేయాలి. మేడమ్ మెసేజ్ చూశారు. రేపటికి ప్లాస్టిక్ చెంచా ఒకటి బ్యాగులో పెట్టుకున్నాను.