పరుపులాయన ఇంట్లో పిడుగు

పాటల కంపెనీ వారికి,

పరుపులు కుట్టేవాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, ఇక్కడ కుశలం లేదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మా ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సు. ముప్పై ఏళ్లుగా రాత్రి డ్యూటీయే. పొద్దున్నే ఇంటికొచ్చి, స్నానం చేసి, కిటికీ తెరలు లాగి పడుకుంటుంది. నేను కింద కొట్లోకి దిగేముందు మీ కంపెనీ రికార్డు ఒకటి పెట్టి దిగుతాను. రెండో పాటకల్లా ఆవిడ నిద్రలో ఉంటుంది. 'పిడుగు' బృందం వారి మొదటి ఆల్బమ్ అది. దూది మార్చమని ఎవరో ఇచ్చిన పరుపులో దొరికింది. అట్ట లేదు, నడిమధ్య అంటించిన చీటీ మీది పేరే ఆధారం. పరుపు తీసుకెళ్లినవాళ్లు రికార్డు మాది కాదన్నారు.

అంత మెత్తటి పాటలు నేనెక్కడా వినలేదు. గిటారు మీద ఒక్కో స్వరం వచ్చి, కాసేపు కూర్చుని, చెప్పి వెళ్లేది. పాడే ఆయన ఎవర్నీ తొందరపెట్టడు. వింటుంటే నా చేతిలో సూది కూడా నిదానించేది.

పోయిన నెల దాన్ని ఎండలో పెట్టి మరిచిపోయాను. ఆకులా ముడుచుకుపోయింది. అదే ఆల్బమ్ మీరు మళ్లీ విడుదల చేశారని తెలిసి, మా అల్లుడు రికార్డులు తిప్పే కొత్త యంత్రంతో సహా కొనితెచ్చాడు. పెట్టగానే మా ఆవిడ మంచం మీద లేచి కూర్చుంది. పాటలో ఎవరో ఎవర్నో తరుముతున్నారు! పదకొండు రోజులుగా ఆమెకు కంటి మీద కునుకు లేదు. మొన్న వార్డులో మందు సీసా మీది పేరు రెండుసార్లు చదివినా బుర్రకెక్కలేదట. "ఎవరి ప్రాణం మీదికి తెచ్చేలోగా ఉద్యోగం మానేస్తాను" అంటోంది. మీరు పాత గాయకుణ్ణి తీసేసి కొత్తవాణ్ణి పెట్టినట్టున్నారు. దయచేసి పాతాయన్ని పిలిపించండి.

ఇట్లు,
పరుపులు కుట్టేవాడు

తా.క. అట్ట మీద బొమ్మ ఇప్పుడే చూశాం. తగలబడుతున్న లారీ ముందు జుట్టు విరబోసుకున్న నలుగురు. "ఇన్నేళ్లూ నన్ను జోకొట్టింది వీళ్లా?" అని మా ఆవిడ లేచి వీధి తలుపు గడియ వేసింది.

*

ఆర్యా,

మీ ఉత్తరం అందింది. గాయకుణ్ణి మార్చలేదని మనవి. 'పిడుగు' వారిది బ్లూస్ పునాది మీద లేచిన హార్డ్ రాక్. ఆ వేగం, ఆ కేక వల్లనే ఈ ఆల్బమ్ నేటికీ బతికి ఉంది. మీరు విన్న మెత్తటి పాటలు మరెవరివో అయి ఉంటాయి. అయినప్పటికీ మీ తృప్తి కోసం ప్రత్యేక ప్రతి ఒకటి ఉచితంగా పంపుతున్నాం. ఇందులో కేక మరింత స్పష్టంగా వినిపించును.

ఇట్లు,
పునర్విడుదల విభాగాధికారి

తా.క. దీన్ని గట్టిగా పెట్టుకుని వినవలెను.

*

అధికారిగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే గట్టిగా పెట్టాం. మా పైకప్పు కూలిందనుకుని పక్కింటి దర్జీ నిచ్చెన భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు.

మా ఆవిడ చేతి గడియారం చూస్తూ మొదటి పాటలో డ్రమ్ము దెబ్బలు లెక్కపెట్టింది. నాడి చూడటంలో ముప్పై ఏళ్ల చెయ్యి ఆమెది. పాత రికార్డులో నిమిషానికి డెబ్బై రెండు దెబ్బలు పడేవట. ఆ లెక్క ఆమెకు కంఠతా వచ్చు, అవి లెక్కపెడుతూనే కదా ఇన్నేళ్లూ నిద్రపోయింది. డెబ్బై రెండంటే నిక్షేపంగా ఉన్న మనిషి నాడి. ఇప్పుడు తొంభై. "ఇతనికి జ్వరమండీ. గొంతు కూడా బిగుసుకుపోయింది. ఇలాంటి మనిషి చేత ఎవరు పాడిస్తున్నారు? ముందు పడుకోబెట్టమనండి" అంది. తనకు నిద్ర లేకపోయినా అతని గురించే బెంగ.

ఇట్లు,
పరుపులు కుట్టేవాడు

తా.క. ఆవిడ రాసిచ్చిన చీటీ జతచేశాను. గోరువెచ్చటి ఉప్పునీళ్లతో రోజుకు మూడుసార్లు పుక్కిలించాలి. అట్ట మీద ఎడమవైపు నిలబడ్డ సన్నటాయన్ని ఏమైనా తినమనండి.

*

ఆర్యా,

మా ఆల్బమ్‌కు జ్వరమని రాయడం పరువు నష్టం కిందికి వస్తుందని మా వకీలుగారి అభిప్రాయం. ఈ ఆల్బమ్ గురించి నాకు చెప్పగలవాడు భూమ్మీద లేడు. ముప్పై ఎనిమిదేళ్ల క్రితం రికార్డింగ్ గదిలో మీటల ముందు కూర్చున్నది నేనే. అందులో ఉన్నది తొంభై. ఎప్పుడూ తొంభైయే.

డెబ్బై రెండు అన్న అంకె మీకెవరు చెప్పారు? మిమ్మల్ని ఎవరైనా కలిశారా? దాచకుండా వెంటనే రాయండి.

ఇట్లు,
పునర్విడుదల విభాగాధికారి

తా.క. చీటీ వెనక్కి పంపలేకపోతున్నాం. వకీలుగారికి గొంతునొప్పి. వాడుతున్నారు.

*

అధికారిగారికి నమస్కారాలు.

కోపం తెచ్చుకోకండి. మమ్మల్ని ఎవరూ కలవలేదు, మా ఆవిడ చెయ్యే చెప్పింది. కావాలంటే నా సాక్ష్యం కూడా వినండి. పాత రికార్డు ఒక వైపు పూర్తయ్యేసరికి నేను పెద్ద పరుపుకు నాలుగు పక్కలా అంచు కుట్టేసేవాణ్ణి. ఇప్పుడు మూడు పక్కలయ్యి, నాలుగో పక్క మొదలుపెట్టానో లేదో పాట ఆగిపోతోంది. నా చెయ్యి ముసలిదైందేమో అనుకుని తాడు పట్టి కొలిచాను. చెయ్యి బాగానే ఉంది.

వార్డులో ఎవరైనా పోయినప్పుడు మా ఆవిడ పొద్దున్నే ఏడుస్తూ వచ్చేది. నాకు ఓదార్చడం చేతకాదు. ఆ రికార్డు పెట్టేవాణ్ణి. నా బదులు ఆయన ఓదార్చేవాడు. అసలు అలాంటి మనిషే లేడని మీరంటుంటే ఏం చెయ్యాలో తోచడం లేదు. నిన్న మా ఆవిడ, "మనిద్దరం కలగన్నామా?" అని అడిగింది. ఇద్దరికీ ఒకే కల ముప్పై ఏళ్లపాటు వస్తుందాండీ?

ఇట్లు,
పరుపులు కుట్టేవాడు

తా.క. పాత యంత్రంలో లోపమేమో అంటారేమో, దానికి ఏ రోగమూ లేదు. లోపలి రబ్బరు పట్టీ మొదటి ఏడాదే తెగితే, పరుపు అంచుకు వేసే నాడా కట్టి తిప్పాను. కాస్త జారేది, అంతే. అల్లుడు దాన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేశాడు.

*

అధికారిగారికి,

ఉత్తరం లేకుండా మీరు పంపిన తెల్ల అట్ట రికార్డు అందింది. ఆయనే! రెండో పాటకే పడుకుంది. పద్నాలుగు గంటలైంది, ఇంకా లేవలేదు. ఆసుపత్రికి సెలవు చీటీ పంపాను. లేవగానే సంగతేమిటని నన్నడుగుతుంది. తప్పు మాదా, మీదా?

పరుపులు కుట్టేవాడు

తా.క. ఈ కార్డు మీద ముద్ర మెల్లగా వేయమని పోస్టాఫీసులో చెప్పాను. మీరు కూడా మెల్లగా చదవండి.

*

అన్నగారికి, వదినగారికి నమస్కారాలు.

నాడా సంగతి చదివి నవ్వుకున్నాను. నాడా జారి యంత్రం నిదానంగా తిరిగింది, మీరు ముప్పై ఏళ్లు తప్పుగా విన్నారు అని రాయడానికి కాగితం కూడా తీశాను. రాయలేకపోయాను. అబద్ధం ఒకసారి చెప్పడం వేరు, నిద్రలేని మనిషికి చెప్పడం వేరు.

వాళ్లు పాడింది డెబ్బై రెండులోనే. వదినగారి లెక్క ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. పాటలు విని మా యజమాని ఆవులించాడు. "పడుకున్నవాణ్ణి లేపాలి గానీ, లేచినవాణ్ణి పడుకోబెడితే ఎవడయ్యా కొనేది?" అన్నాడు. నేను కుర్రవాణ్ణి, ఉద్యోగం కొత్త. టేపు వేగం పెంచి అచ్చుకు పంపేశాను. పాడినవాడికి ఒక్క మాట చెప్పలేదు.

రికార్డు విరగబడి అమ్ముడుపోయింది. ఎక్కడికెళ్లినా జనం ఆ కేకే కావాలన్నారు. అది తన గొంతు కాదని అతను ఎవరికి చెప్పుకుంటాడు? దాన్ని అందుకోబోయి ఏడాది తిరక్కుండా గొంతు పోగొట్టుకున్నాడు. బృందం చెదిరిపోయింది. నాకు మాత్రం పేరొచ్చింది. ఈసారి మళ్లీ విడుదల చేసేటప్పుడు అసలు టేపు నా చేతిలోనే ఉంది. అప్పుడూ నోరు మెదపలేదు. మీకు తెల్ల అట్టలో పంపింది ఆ టేపు నుంచి, వేగం మార్చకుండా తీసిన ప్రతి.

నేనెంత ముందుకు తోశానో, మీ నాడా అంత వెనక్కి లాగింది. ఆ ఆల్బమ్‌ని ఉన్నదున్నట్టు విన్నది ఈ భూమ్మీద మీరిద్దరే. తప్పు నాది. వదినగారికి అలాగే చెప్పండి.

ఇట్లు,
మీటల ముందు కూర్చున్నవాడు

తా.క. పాడినాయన ఇప్పుడు తాళాలు బాగుచేస్తున్నాడు. నిన్న అతని కొట్టుకు వెళ్లాను. నన్ను చూసి షట్టర్ దించబోయాడు. కాళ్లావేళ్లా పడి, మీకు పంపినలాంటి రికార్డే పెట్టాను. ఆకురాయి చేత్తో పట్టుకుని మూడు పాటలు కదలకుండా విన్నాడు. తర్వాత, ఆ బొంగురు గొంతుతో, "ఇన్నేళ్లూ వీణ్ణి ఎక్కడ దాచావురా?" అన్నాడు. ఒక పరుపులాయన ఇంట్లో ఉన్నాడని చెప్పాను.